లాంగ్ క్యూటీ ఉన్న మా అమ్మకు పిత్తాశయం ఆపరేషన్: కండరాలు సడలించే మందు, మత్తు గురించి సలహా కావాలి

ప్రశ్న (ఖమ్మం, రోగి కుమార్తె)

అందరికీ నమస్కారం. మా అమ్మకు 51 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లు ఉన్నాయని రెండు నెలల క్రితం స్కానింగులో తేలింది. అప్పటినుంచి నూనె పదార్థం ఏది తిన్నా కుడి డొక్కలో నొప్పి, వాంతులు వస్తున్నాయి. లాప్రోస్కోపీ పద్ధతిలో పిత్తాశయం తీసివేయాలని సర్జన్ గారు చెప్పారు. ఇది రోజూ చేసే ఆపరేషనే అయినా, మా అమ్మకు పుట్టుకతో వచ్చిన లాంగ్ క్యూటీ సిండ్రోమ్ అనే గుండె లయ దోషం ఉండడం వల్ల మా ఇంట్లో ఎవరికీ కంటి మీద కునుకు లేదు.

ఆ జబ్బు బయటపడిన తీరు కూడా చెబితే మీకు వివరంగా అర్థమవుతుంది. నాలుగేళ్ల క్రితం ఒక ఉదయం అమ్మ పొయ్యి దగ్గర నిలబడి చట్నీకి పల్లీలు వేయిస్తుండగా, పక్క పొయ్యి మీది కుక్కర్ ఒక్కసారిగా విజిల్ వేసింది. ఆ విజిల్ ఆగేలోపే అమ్మ నిలువునా కూలిపోయింది. చేతిలోని అట్లకాడ గచ్చు మీద పడి గింగిరాలు తిరగడం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది. అర నిమిషంలో తేరుకుంది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయని మేము చెప్పడంతో మూర్ఛ అనుకుని ఏడాదికి పైగా మూర్ఛ మాత్రలు వాడించారు. తరువాత ఒక రాత్రి వాంతులు ఆగకపోతే దగ్గరలోని నర్సింగ్ హోముకు తీసుకువెళ్లాము. అక్కడ వాంతులకు నరానికి ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాలకే అమ్మకు మళ్లీ స్పృహ తప్పింది. మానిటర్ తీగలు అప్పటికే ఛాతీకి అంటించి ఉండడం వల్ల జడపాయల్లా మెలికలు తిరిగిన గీతలు కాగితం మీద పడ్డాయి. డ్యూటీ డాక్టరు గారు ఆ కాగితం ముక్కను దాచి మా చేతికి ఇచ్చి హైదరాబాదుకు పంపారు. అక్కడ జన్యుపరీక్షలో కేసీఎన్‌హెచ్2 అనే జన్యువులో లోపం ఉందని, ఇది లాంగ్ క్యూటీలో రెండో రకమని తేల్చారు. అప్పటినుంచి ప్రొప్రనలాల్ అనే గుండె మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుంటోంది. మళ్లీ పడిపోలేదు.

గుండె డాక్టరు గారు ఆపరేషనుకు ఫిట్‌నెస్ రాసి ఇచ్చారు. దాని మీద ‘క్యూటీ పెంచే మందులు వాడరాదు’ అని ఒక్క వాక్యం మాత్రమే ఉంది. మొన్నటి ఈసీజీలో నాడి నిమిషానికి 75, క్యూటీ 440, సరిచేసిన క్యూటీ 492 అని ఉన్నాయి. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలించడానికి వేరే మందు ఇస్తారని, అది గుండెను కూడా సడలించి ఆపేసే ప్రమాదం ఉందని మాకు తెలిసిన మెడికల్ షాపు ఆయన చెప్పారు. అమ్మ గతంలో మెడనొప్పికి ‘మజిల్ రిలాక్సెంట్’ అని రాసిన మాత్రలు వాడింది. ఆ మందూ ఈ మందూ ఒకటేనా? ఇలాంటి రోగులకు ఏ సడలింపు మందు మేలు? మత్తు లేకుండా వెన్నులో సూది మందుతో ఈ ఆపరేషన్ చేయడం కుదరదా? వచ్చే సోమవారం పీఏసీకి, అంటే మత్తు ఇచ్చే ముందు చేసే పరీక్షకు, రమ్మన్నారు. అక్కడ ఏమి అడగాలో తెలిసిన వారు దయచేసి చెప్పండి.


జవాబు 1 (విశాఖపట్నం, అనస్థీషియా వైద్యుడు)

అమ్మా, ముందుగా మీ భయాల్లో ఒకదాన్ని పూర్తిగా తీసివేస్తాను. ఆపరేషన్ థియేటరులో వాడే సడలింపు మందులు నరం వచ్చి కండరాన్ని తాకే చోట, ఎముకలకు అంటుకున్న కండరాల మీద పనిచేస్తాయి. చేయి, కాలు, పొట్ట గోడ, ఊపిరి తీయించే కండరాలు అన్నీ వాటి వల్ల కదలిక మానేస్తాయి. గుండె కండరం మాత్రం నరం ఆజ్ఞ కోసం ఎదురుచూడకుండా తన విద్యుత్తును తానే పుట్టించుకుని కొట్టుకుంటుంది కాబట్టి, ఈ మందులు దాన్ని సడలించలేవు. ఊపిరి ఆగుతుంది కనుక గొట్టం వేసి యంత్రంతో శ్వాస ఇస్తాము. గుండె ఆగదు. అయితే గుండె లయ దోషం ఉన్నవారిలో ఈ మందుల విషయంలో అసలు జాగ్రత్త అక్కర్లేదని దీని అర్థం కాదు. చిక్కు మందు చేసే పనిలో కన్నా దాని చుట్టూ జరిగే పనుల్లో ఉంటుంది.

మీ అమ్మగారి ఈసీజీ అంకెలను కొంచెం విప్పి చెబుతాను. గుండె గదులు ఒకసారి విద్యుత్తుతో మేల్కొని తిరిగి తరువాతి కొట్టుకు సిద్ధమయ్యే వరకు పట్టే కాలమే క్యూటీ. నాడి వేగం మారితే ఇది కూడా మారుతుంది కనుక, 1920లో బాజెట్ అనే వైద్యుడు చూపిన లెక్క ప్రకారం రెండు కొట్టుల మధ్య కాలానికి వర్గమూలం తీసి దానితో భాగిస్తారు. నాడి 60 ఉన్నప్పుడు 440 అంటే సరిచేసినా 440 మాత్రమే, అది మామూలు అంకె. నాడి 75 ఉన్నప్పుడు అదే 440 సరిచేస్తే 492 అవుతుంది. స్త్రీలలో 460 మిల్లీసెకన్లు దాటితే ఎక్కువ కిందే లెక్క, 500 దాటితే ప్రమాదం బాగా పెరుగుతుంది. అంటే మీ అమ్మగారు ఆ గీతకు ఎనిమిది మిల్లీసెకన్ల ఇవతల నిలబడి ఉన్నారు. మామూలు మనిషికి ఏమాత్రం హాని చేయని ఒక వాంతుల ఇంజెక్షన్ ఆమెను ఆ గీత దాటించడానికి చాలు. ఆ రాత్రి జరిగింది బహుశా అదే. మీరు జడపాయల్లా ఉన్నాయన్న ఆ గీతలు చూపే ప్రమాదకరమైన గుండె లయను టార్సాడ్స్ అంటాము. 1966లో దెసెర్తెన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఆ పేరు పెట్టాడు. ఆ కాగితం ముక్కను పీఏసీకి తప్పకుండా తీసుకువెళ్లండి. ఫిట్‌నెస్ కాగితం కన్నా అది నూరు రెట్లు ఎక్కువ చెబుతుంది.

రెండో రకం లాంగ్ క్యూటీలో గుండెను ఇబ్బంది పెట్టేవి రెండు. ఒకటి, కుక్కర్ విజిల్ లాగా హఠాత్తుగా వచ్చే అదురు, దానితో ఎగిసే అడ్రినలిన్. రెండోది, నాడి మందగించి రెండు కొట్టుల మధ్య పెద్ద విరామం రావడం. కాబట్టి సడలింపు మందు ఎంచుకునేటప్పుడు నాడిని పరుగెత్తించేది వద్దు, ఒక్కసారిగా మందగింపజేసేది కూడా వద్దు. పాంక్యూరోనియం గుండెకు వచ్చే వేగస్ నరాన్ని అణచి నాడిని పెంచుతుంది కనుక దానిని పక్కన పెట్టాలి. థియేటరులో మేము స్కోలిన్ అని పిలిచే సక్సినైల్‌కోలిన్ ఒక నిమిషంలోపు పనిచేసి ఐదు పది నిమిషాల్లో వదిలేస్తుంది. ఆ గుణం ఎంత మంచిదైనా అది నాడిని మందగింపజేయగలదు, ముఖ్యంగా రెండో మోతాదు ఇచ్చినప్పుడు. రక్తంలో పొటాషియాన్ని సుమారు 0.5 మేర పెంచుతుంది, క్యూటీని పొడిగించినట్లు కూడా నివేదికలు ఉన్నాయి. ప్రాణాపాయమైన అత్యవసరం అయితే తప్ప మీ అమ్మగారి వంటి వారికి నేను దాన్ని ఎంచుకోను. అట్రాక్యూరియం క్యూటీని కదిలించకపోయినా, ఎక్కువ మోతాదును వేగంగా ఎక్కిస్తే హిస్టమిన్ విడుదలై రక్తపోటు పడిపోయి నాడి పెరుగుతుంది. వెక్యూరోనియం, రోక్యూరోనియం, సిస్‌అట్రాక్యూరియం ఈ మూడూ గుండె విషయంలో నెమ్మదైనవి, క్యూటీ మీద చెప్పుకోదగ్గ ప్రభావం లేనివి.

ఇక్కడితో ఆగితే సగం జవాబే అవుతుంది. సడలింపు మందును ఎంచుకోవలసింది దాని మొదలును చూసి కాదు, దాని ముగింపును చూసి. ఆపరేషన్ అయ్యాక కండరాలకు బలం తిరిగి తెప్పించడానికి ఇచ్చే మందును రివర్సల్ అంటాము. దశాబ్దాలుగా వాడుతున్నది నియోస్టిగ్మిన్. అది ఒక్కటే ఇస్తే నాడి బాగా పడిపోతుంది కనుక దానితో కలిపి గ్లైకోపైరోలేట్ గాని అట్రోపిన్ గాని ఇస్తాము. ఒకటి నాడిని లాగుతుంది, ఇంకొకటి తోస్తుంది. ఈ జంట క్యూటీని పొడిగిస్తుందని తెలిసినదే. లాంగ్ క్యూటీ ఉన్న పిల్లలకు ఇచ్చిన మత్తు గురించి 2011లో వెలువడిన ఒక పరిశీలనలో, లయ తప్పిన సంఘటనలు మెలకువ వచ్చే వేళ, రివర్సల్ మందూ వాంతులు ఆపే ఆన్‌డాన్‌సెట్రానూ ఇచ్చిన సమయానికి దగ్గరగానే కనిపించాయి. ఆపరేషన్ అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకునే నిమిషమే ఈ రోగులకు గండం. నేను రెసిడెంటుగా ఉన్న రోజుల్లో చివరి కుట్టు పడగానే చేతులు కడుక్కోవడానికి వెళ్లేవాళ్లను చూశాను. ఇప్పుడు నా పిల్లలకు, అంటే నా విద్యార్థులకు, ఆ పది నిమిషాలు రోగి తల దగ్గర నుంచి కదలవద్దని చెబుతాను.

రోక్యూరోనియం, వెక్యూరోనియం విషయంలో మాత్రం వేరే దారి ఉంది. సుగమ్మాడెక్స్ అనే చక్కెర ఉంగరం వంటి అణువు రక్తంలోనే ఈ మందును తన లోపల బంధించేస్తుంది. నాడిని ఆ విధంగా లాగడం, తోయడం ఉండదు. ఆరోగ్యవంతుల మీద ప్రత్యేకంగా జరిపిన పరీక్షల్లో అది క్యూటీని పొడిగించలేదు. యూరప్‌లో 2008లో, అమెరికాలో 2015 డిసెంబరులో అనుమతి పొందింది. మామూలుగా కిలో బరువుకు 2 మిల్లీగ్రాములు, సడలింపు ఇంకా లోతుగా ఉంటే 4 మిల్లీగ్రాములు ఇస్తారు. దీనికీ లోపాలు లేకపోలేదు. అరుదుగా తీవ్రమైన అలర్జీ వస్తుంది, ఇచ్చిన కొద్ది నిమిషాల్లో నాడి ప్రమాదకరంగా పడిపోయిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. కాబట్టి దీన్ని ఇచ్చినా మానిటర్ మీద నుంచి కన్ను తీయరాదు. అయినా మీ అమ్మగారికి నేనే మత్తు ఇవ్వవలసి వస్తే రోక్యూరోనియం, చివర సుగమ్మాడెక్స్ అనే దారినే పోతాను.

సడలింపు మందు కదలికను ఆపుతుంది గాని నిద్ర పుచ్చదు, నొప్పి తీయదు. రోగి కదలకుండా ఉన్నంత మాత్రాన హాయిగా ఉన్నట్లు కాదు. మత్తు పలచగా ఉండగా గొంతులో గొట్టం వేస్తే అడ్రినలిన్ కుక్కర్ విజిల్ కన్నా గట్టిగా కొడుతుంది. అందువల్ల ముందుగా ఫెంటానిల్ అనే నొప్పి మందు తగినంత ఇచ్చి, ప్రొపొఫాల్‌తో లోతుగా నిద్రపుచ్చి, ఆపరేషన్ పొడవునా ప్రొపొఫాల్ డ్రిప్ నడపడం మంచి పద్ధతి. సెవోఫ్లూరేన్, ఐసోఫ్లూరేన్, డెస్‌ఫ్లూరేన్ వాయువులు క్యూటీని పొడిగిస్తాయి. కెటమిన్ అనే మత్తుమందు అడ్రినలిన్‌ను రేపుతుంది. లాప్రోస్కోపీలో పొట్టలోకి కార్బన్ డయాక్సైడ్ ఎక్కించేటప్పుడు పొర సాగి నాడి హఠాత్తుగా పడిపోవచ్చు కనుక, గ్యాసును నెమ్మదిగా, తక్కువ ఒత్తిడితో ఎక్కించమని సర్జన్ గారిని ముందే కోరాలి.

వెన్ను సూది గురించి అడిగారు. ఈ ఆపరేషనుకు మత్తు చాలా పైదాకా ఎక్కాలి. అంత పైకి ఎక్కితే రక్తపోటు, నాడి రెండూ పడిపోతాయి, పొట్టలో గ్యాసు వల్ల భుజం నొప్పి వస్తుంది, మెలకువగా ఉన్న రోగికి ఆందోళన పెరుగుతుంది. ఈమెకు పూర్తి మత్తే మేలని నా అభిప్రాయం.


జవాబు 2 (శ్రీకాకుళం జిల్లా, అనస్థీషియా వైద్యురాలు)

పై జవాబులో డాక్టరు గారు చెప్పిన వైద్యం అంతా సరైనదే. ఒక్క విషయంలో మాత్రం నా అనుభవం వేరు, దాన్ని చెప్పకపోతే ఇది చదివే చిన్న ఊళ్ల వారు సుగమ్మాడెక్స్ దొరకకపోతే ఆపరేషనే వద్దనుకునే ప్రమాదం ఉంది. అది నియోస్టిగ్మిన్ కన్నా చాలా ఖరీదైన మందు, మా వంటి చోట్ల అన్ని వేళలా చేతికి అందదు. అది లేనంత మాత్రాన రోగికి దారి మూసుకుపోదు.

మణికట్టు దగ్గర అల్నార్ నరం మీద రెండు బిళ్లలు అంటించి, అర సెకను తేడాతో నాలుగు చిన్న కరెంటు దెబ్బలు ఇచ్చే పరికరం ఒకటి ఉంటుంది. ప్రతి దెబ్బకూ బొటనవేలు అరచేతి వైపు తృళ్లిపడుతుంది. సడలింపు పూర్తిగా ఉన్నప్పుడు వేలు కదలదు. మందు దిగుతున్న కొద్దీ మొదట ఒక తృళ్లు, తరువాత రెండు, మూడు, నాలుగు వస్తాయి. నాలుగో తృళ్లు మొదటి దానిలో 0.9 వంతు బలానికి చేరిందని యంత్రం అంకెల్లో చూపిన తరువాత మాత్రమే గొట్టం తీయాలి. కంటితో చూసి, చేత్తో పట్టుకుని అంచనా వేస్తే ఆ చివరి తేడా తెలియదు. సిస్‌అట్రాక్యూరియం కాలేయం మీద, మూత్రపిండాల మీద పెద్దగా ఆధారపడకుండా శరీరపు వేడికి, ఆమ్ల క్షార స్థితికి తనంతట తానే విడిపోతుంది. ఆపరేషన్ ముగింపును అంచనా వేసుకుని చివరి మోతాదు ముందే ఆపి, రోగిని ప్రొపొఫాల్ నిద్రలోనే మరో ఇరవై ముప్పై నిమిషాలు ఉంచితే, ఏ రివర్సల్ మందూ లేకుండానే 0.9 దాటుతుంది. థియేటరు ఖాళీ చేయమని తొందరపెట్టేవాళ్లు ఉంటారు, ఆ తొందరకు లొంగకూడదు. లాంగ్ క్యూటీ ఉన్న ఒక డిగ్రీ విద్యార్థినికి ఇదే పద్ధతిలో మత్తు ఇచ్చాను. ఆపరేషన్ అయ్యాక నలభై నిమిషాలు ఆ అమ్మాయి బొటనవేలినే చూస్తూ కూర్చున్నాను.

ఇంకొక జాగ్రత్త. టార్సాడ్స్ వస్తే నరానికి 2 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ ఇవ్వడం మొదటి చికిత్స. చాలామంది ముందు జాగ్రత్తగా కూడా మెగ్నీషియం ఎక్కిస్తారు. అదే మెగ్నీషియం సడలింపు మందు ప్రభావాన్ని పెంచి, ఎక్కువసేపు నిలుపుతుంది. తీరిపోయిందనుకున్న సడలింపు వార్డుకు వెళ్లాక తిరిగి వచ్చి ఊపిరి బలహీనపడితే, ఆక్సిజన్ తగ్గి, గుండె లయ మళ్లీ చెడుతుంది. అందుకే మెగ్నీషియం పడిన రోగికి ఆ నాలుగు దెబ్బల పరికరం లేకుండా గొట్టం తీయడం నాకు సమ్మతం కాదు. టార్సాడ్స్ మొదలైతే అలవాటు కొద్దీ చేయి అమియోడరోన్ అనే లయ సరిచేసే మందు వైపు పోతుంది. అది క్యూటీని ఇంకా సాగదీస్తుంది కాబట్టి వాడరాదు. నాడి అందకపోతే వెంటనే షాక్ ఇవ్వాలి. మత్తు మొదలుపెట్టక ముందే డీఫిబ్రిలేటర్ బిళ్లలు రోగి ఒంటికి అంటించి ఉంచమని అడగండి, అడగడానికి సంకోచించవద్దు.


జవాబు 3 (హైదరాబాద్, క్లినికల్ ఫార్మసిస్టు)

మెడనొప్పి మాత్రల గురించి అడిగిన ప్రశ్నకు ఎవరూ జవాబు చెప్పలేదు కనుక రాస్తున్నాను. రెండింటినీ ‘మజిల్ రిలాక్సెంట్’ అనే పిలిచినా వాటి మధ్య చుట్టరికం లేదు. థియేటరు మందులు నరం, కండరం కలిసే చోట పనిచేస్తాయి. మెడనొప్పికి, నడుము నొప్పికి ఇచ్చే టిజానిడిన్ వంటి మాత్రలు మెదడు, వెన్నుపాములో పనిచేసి బిగువు తగ్గిస్తాయి. విచిత్రం ఏమంటే, మీరు భయపడుతున్న రోక్యూరోనియం కన్నా మీరు నిర్భయంగా వాడిన మాత్రే లాంగ్ క్యూటీ రోగికి ఎక్కువ అనుమానించదగినది. టిజానిడిన్ రక్తపోటును, నాడిని తగ్గిస్తుంది. ప్రొప్రనలాల్ వేసుకుంటున్న వారిలో ఆ తగ్గుదల రెట్టింపు కావచ్చు. క్యూటీ పెంచే అవకాశం ఉన్న మందుల జాబితాలో కూడా దాని పేరు ఉంది. దానితో పాటు సిప్రోఫ్లాక్సాసిన్ వాడితే రక్తంలో టిజానిడిన్ ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక ఆ రెండింటినీ కలపడం ఎవరికైనా నిషిద్ధం. సైక్లోబెంజాప్రిన్ అనే మరో మాత్రను గుండె లయ దోషం ఉన్నవారు వాడరాదని దాని కరపత్రంలోనే ఉంటుంది. అమ్మగారు వాడిన మాత్ర అట్ట ఇంట్లో ఉంటే చూసి మందు పేరు రాసుకోండి. చాలా అట్టల మీద నొప్పి మాత్ర, సడలింపు మాత్ర కలిపి ఉంటాయి కాబట్టి చిన్న అక్షరాలు కూడా చదవాలి.

రాళ్ల నొప్పి వచ్చినప్పుడు మన దగ్గర అలవాటుగా ఇచ్చేవాటిలోనే అసలు చిక్కులు ఉన్నాయి. గ్యాస్ మాత్ర అని అందరూ వేసుకునే గొట్టాల్లో పాంటాప్రజోల్‌తో పాటు డొంపెరిడోన్ కలిసి ఉంటుంది. డొంపెరిడోన్ క్యూటీని పెంచుతుంది. వాంతులకు ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ కూడా అంతే. జ్వరానికి, ఇన్‌ఫెక్షనుకు ఇచ్చే అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, చర్మపు తామరకు ఇచ్చే ఫ్లుకోనజోల్ అన్నీ అదే కోవలోవి. ఆపరేషన్ తరువాత వాంతులు రాకుండా డెక్సామెథసోన్ వాడవచ్చు. పైన చెప్పిన ప్రొపొఫాల్ పద్ధతి కూడా స్వతహాగా వాంతులను తగ్గిస్తుంది. క్రెడిబుల్‌మెడ్స్ అనే సంస్థ క్యూటీ మందుల జాబితాను ఎప్పటికప్పుడు సరిచూసి ఉచితంగా అందుబాటులో ఉంచుతోంది. పుట్టుకతో లాంగ్ క్యూటీ ఉన్నవారు వాడరాని మందులను అందులో విడిగా గుర్తించారు. దాన్ని అచ్చు తీసి ఫైలులో పెట్టుకోండి.

వాంతులు అవుతున్నాయని రాశారు. వాంతులతో పొటాషియం పోతుంది, రెండో రకం లాంగ్ క్యూటీకి పొటాషియం తగ్గడం కన్నా చెడ్డది లేదు. ఆపరేషనుకు ముందు పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం పరీక్షలు తప్పనిసరి. పొటాషియం 4కు పైన ఉండేలా చూడమని అడగండి.


జవాబు 4 (గుంటూరు, రికవరీ వార్డు స్టాఫ్ నర్సు)

డాక్టరు గార్లు చెప్పిన వాటికి నేను చేర్చేది కొంచెమే. ఈ రోగి మెలకువలోకి వచ్చేటప్పుడు రికవరీ గదిలో చప్పుడు ఉండకూడదు. మా వార్డులో ఒక్కో మంచం దగ్గర మానిటర్ అలారం, పక్కన సక్షన్ మోత, ‘అమ్మా, కళ్లు తెరువు’ అని గట్టిగా తట్టి లేపడం మామూలు. ఇలాంటి రోగి వస్తున్నారని ముందే చెబితే మూలన ఉన్న మంచం ఇస్తాము, ఆ మంచం అలారం శబ్దాన్ని తగ్గించి ఒకరిని పక్కనే కూర్చోబెడతాము, చెవి దగ్గర మెల్లగా పేరు పెట్టి పిలుస్తాము. చలితో వణుకు రాకుండా వెచ్చటి దుప్పట్లు సిద్ధంగా ఉంచుతాము, ఎందుకంటే ఒళ్లు చల్లబడితే క్యూటీ కూడా పెరుగుతుంది. వార్డుకు పంపాక వాంతి అవుతోందని రోగి చెబితే, కేసు షీటు తిరగేయకుండా ఆన్‌డాన్‌సెట్రాన్ ఎక్కించేది మా నర్సులమే. ఆ చేయిని ఆపాలంటే షీటు లోపల ఎక్కడో రాస్తే చాలదు. చేతికి కట్టే పట్టీ మీద, మంచం తల దగ్గర రాయించండి, రాత్రి డ్యూటీ మారినప్పుడు మీరు కూడా ఒకసారి గుర్తు చేయండి.


ప్రశ్న అడిగిన వారి నుంచి (ఖమ్మం)

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. సోమవారం పీఏసీకి ఆ ఈసీజీ కాగితం ముక్క, మందుల జాబితా, మెడనొప్పి మాత్రల అట్ట తీసుకువెళ్లాము. అట్ట మీద టిజానిడిన్ ఉంది. డాక్టరు గారు కాగితం ముక్కను కిటికీ వెలుతురులో పెట్టి చాలాసేపు చూశారు. రక్తపరీక్షలో పొటాషియం 3.3 వచ్చింది. ఆపరేషన్ వారం రోజులు వాయిదా వేసి, పొటాషియం సిరప్ రాసి, గ్యాస్ మాత్రను డొంపెరిడోన్ లేని దానికి మార్చారు. మళ్లీ చేసిన పరీక్షలో పొటాషియం 4.4, సరిచేసిన క్యూటీ 474 అని వచ్చాయి. రోక్యూరోనియం వాడతామని, సుగమ్మాడెక్స్ తెప్పించి ఉంచుతామని చెప్పారు. కేసు షీటు పై అట్ట మీద ఎర్ర సిరాతో ‘లాంగ్ క్యూటీ, ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వరాదు’ అని ఆయనే రాశారు. గురువారం ఆపరేషన్. ఆ రోజు ఉదయం ప్రొప్రనలాల్ వేయాలా, మానాలా అన్నది అడగడం మరచిపోయాను.


జవాబు 1 వైద్యుడి నుంచి (విశాఖపట్నం)

మానకూడదు అమ్మా. సాధారణంగా ఆ రోజు తెల్లవారుజామున ఒక గుక్క నీళ్లతో వేయిస్తాము. రేపే మీ డాక్టరు గారికి ఫోన్ చేసి ఆయన నోట కూడా ఆ మాట విని నిర్ధారించుకోండి. వీలైతే ఆ రోజు మొదటి కేసుగా పెట్టమనండి. ఆకలితో, భయంతో మధ్యాహ్నం దాకా బయట మంచం మీద ఎదురుచూడడం ఆమెకు మంచిది కాదు. ఇంకొక మాట అడగాలి. ఈ జన్యులోపం తల్లి నుంచి ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశంతో వస్తుంది. మీరు, మీ తోబుట్టువులు ఈసీజీ తీయించుకున్నారా?


ప్రశ్న అడిగిన వారి నుంచి (ఖమ్మం)

గురువారం ఉదయం ఎనిమిదింటికి మొదటి కేసుగానే తీసుకువెళ్లారు. పదింటికి రికవరీ గదిలోకి తెచ్చారు. మూలన ఉన్న మంచం ఇచ్చారు. నేను లోపలికి వెళ్లేసరికి అమ్మ కళ్లు మూసుకునే నా వేలు పట్టుకుని గట్టిగా నొక్కింది. లయ ఎక్కడా తప్పలేదని, మెలకువ వచ్చేటప్పుడు క్యూటీ కొంచెం పెరిగి గంటలో తగ్గిందని డాక్టరు గారు చెప్పారు. శనివారం ఇంటికి వచ్చాము.

మీరు అడిగాక నేనూ తమ్ముడూ కూడా ఈసీజీ తీయించుకున్నాము. సరిచేసిన క్యూటీ వాడిది 418 వచ్చింది. నాది 471. ఇద్దరి రక్తం జన్యుపరీక్షకు పంపాము. ఫలితం వచ్చే వరకు అమ్మ మందుల జాబితానే నేనూ పాటించమని గుండె డాక్టరు గారు చెప్పారు.